బిల్లులో దొరికే గుండెపోటు

అమెరికాలో అరవై అయిదేళ్లు దాటిన మనిషి ఆసుపత్రిలో చేరి బయటికొస్తే, ఆ ఖర్చు కోసం ఆసుపత్రి మెడికేర్ అనే ప్రభుత్వ బీమాకు ఒక బిల్లు పంపుతుంది. 1966లో మెడికేర్ మొదలైనప్పటి నుంచీ నడుస్తున్న తంతే ఇది. ఆ బిల్లులో రోగికి ఛాతీ నొప్పి ఎప్పుడు మొదలైందో ఉండదు. ఈసీజీ గీత ఉండదు. రక్తపరీక్షలకు ఎంతైందో ఉంటుంది గానీ వాటిలో ఏం తేలిందో ఉండదు. ఉండేవల్లా కొన్ని గళ్లు: వయసు, ఆడా మగా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎలా వెళ్లారన్నది (ఇంటికా, ఇంకో ఆసుపత్రికా, అసలు ప్రాణంతోనేనా), జబ్బుల కోడ్‌లు, చికిత్సల కోడ్‌లు, రావలసిన సొమ్ము. డబ్బు రాబట్టుకోవడానికి రాసిన ఈ కాగితాన్ని చదివి ఫలానా మనిషికి ఫలానా రోజుల్లో గుండెపోటు వచ్చిందని చెప్పవచ్చా?

చెప్పవచ్చని, ఎంత గట్టిగా చెప్పవచ్చో కూడా కొలిచి చూపినవాళ్లలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు ఉన్నారు. కియోటా, ష్నీవైస్, ఆవోర్న్, సోలమన్ తదితరులు 2004లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో వేసిన వ్యాసం ఆరు పేజీలే. అందులో మెరుగైనదిగా తేలిన నియమం ఒక్క వాక్యంలో పడుతుంది. బిల్లులో ప్రధాన జబ్బుగా గానీ దాని తర్వాతి స్థానంలో గానీ 410 కోడ్ ఉండాలి, దాని అయిదో అంకె 1 కావాలి. ఆసుపత్రిలో బస మూడు రోజులకు తగ్గకూడదు, నూట ఎనభై దాటకూడదు. మూడు రోజులు నిండకపోతే ఆ బస మరణంతో ముగిసి ఉండాలి. వినడానికి గుమాస్తా నియమంలా ఉంది. ఒక్కొక్క ముక్కా అక్కడికి ఎందుకు వచ్చిందో విప్పి చూస్తే అభిప్రాయం మారుతుంది.

ముందు 410 సంగతి. ఐసీడీ-9-సీఎం అనే జబ్బుల పట్టిక అమెరికా ఆసుపత్రుల్లో 1979 నుంచి 2015 సెప్టెంబరు దాకా వాడుకలో ఉంది. అందులో 410 అంటే తాజా గుండెపోటు. 412 అంటే ఎప్పుడో వచ్చి మానిపోయింది. 410 తర్వాత చుక్క, చుక్క తర్వాత వచ్చే నాలుగో అంకె గుండె గోడలో దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతుంది. 1 అయితే ముందు గోడ, 4 అయితే కింది గోడ, 7 అయితే గోడ లోపలి పొర, 9 అయితే చోటు ఎక్కడో డాక్టరు రాయలేదని. మన నియమానికి ఈ అంకెతో పని లేదు. ఏ గోడకు తగిలినా గుండెపోటు గుండెపోటే.

అసలు చమత్కారం అయిదో అంకెలో ఉంది. 410 కోడ్‌ను పోటు వచ్చిన రోజుకే కాక ఎనిమిది వారాల దాకా వాడవచ్చని ఆ పట్టిక చెబుతుంది. అంటే జనవరిలో పోటు వచ్చి ఇంటికి వెళ్లిన మనిషి, ఫిబ్రవరిలో ఇంకేవో పరీక్షల కోసం మళ్లీ చేరితే అప్పుడూ 410 పడుతుంది. బిల్లులు లెక్కపెట్టేవాడికి ఒకే గుండెపోటు రెండుగా కనబడుతుంది. 1989 అక్టోబరులో అయిదో అంకె చేర్చి ఈ చిక్కు విప్పారు. 1 వేస్తే ఈ పోటుకు మొదటి విడత చికిత్స. 2 వేస్తే ఆ పోటు తాలూకు తర్వాతి విడత. 0 వేస్తే ఏ విడతో తెలియదని. ఒక్క అంకెతో ఆ రోగం కథలో మనం మొదటి అధ్యాయంలో ఉన్నామా, రెండోదానిలోనా అన్నది తేలిపోతుంది. ఈ అంకెను కల్పించినవాళ్లు పరిశోధకుల కోసం కల్పించారో బిల్లుల లెక్క కోసమో గానీ, తర్వాత కోట్ల బిల్లులు చదివినవాళ్లందరూ వాళ్లకు రుణపడ్డారు.

దీనికి ఒక అనుబంధం ఉంది. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి గుండెపోటుతో వచ్చిన రోగిని, యాంజియోగ్రామ్ చేసే సదుపాయం లేక, అదే రోజు పెద్ద ఆసుపత్రికి పంపారనుకుందాం. రెండు ఆసుపత్రులూ రెండు బిల్లులు పంపుతాయి. ఎన్ని ఆసుపత్రులు మారినా మొదటి విడత మొదటి విడతేనని కోడింగ్ నియమం కాబట్టి రెండింటిలోనూ అయిదో అంకె 1 గానే ఉంటుంది. ఇక్కడ కోడ్ సాయపడదు, తేదీలు సాయపడతాయి. మొదటి బిల్లులో వెళ్లిన తేదీ, రెండో బిల్లులో చేరిన తేదీ ఒకటే అయితే, మొదటి బిల్లు మీద ఇంకో ఆసుపత్రికి పంపినట్టు గుర్తు కూడా ఉంటే, ఆ రెంటినీ కుట్టి ఒకే బసగా లెక్కించాలి. ఇలా కుట్టకుండా నేరుగా లెక్కపెడితే, రెండు బసలూ పొడుగైనవైతే ఒకే పోటు రెండుగా లెక్కకు వస్తుంది. మొదటి ఆసుపత్రిలో బస ఒక్క రోజే అయితే అది విడిగా మిగిలి, మూడు రోజుల నియమం కింద ఎగిరిపోతుంది.

ఇప్పుడు ఆ మూడు రోజుల దగ్గరికి వద్దాం. నాకు ఈ పని మొత్తంలో ముచ్చటగొలిపిన భాగం ఇది. గుండెపోటుకూ బస పొడవుకూ వైద్యపరంగా ఏం సంబంధమని అనిపిస్తుంది. సంబంధం వైద్యంలో లేదు, కోడ్ రాసే గదిలో ఉంది. కోడ్ రాసేది డాక్టరు కాదు, కోడర్. ఇవాళ అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ శిక్షణ బోర్డులు చూసినవాళ్లకు ఈ వృత్తి కొత్త కాదు. అమెరికా ఆసుపత్రుల కేస్ షీట్లకు హైదరాబాద్‌లో కూర్చుని కోడ్‌లు వేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. కోడర్ రోగిని చూడరు. డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు నోట్సు చదివి, వాటిలో ఉన్నదానికి కోడ్ వేస్తారు. సొంతంగా రోగనిర్ణయం చేసే అధికారం వాళ్లకు లేదు. అయితే ఇన్‌పేషెంట్ కోడింగ్‌లో ఒక నిబంధన ఉంది. డిశ్చార్జి నాటికి డాక్టరు ‘బహుశా గుండెపోటు’, ‘గుండెపోటని అనుమానం’ అని రాసి వదిలేస్తే, ఆ జబ్బు ఉన్నట్టుగానే కోడ్ వేయాలి. అవుట్‌పేషెంట్‌కు ఈ వెసులుబాటు లేదు, ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఉంది. కారణం సులువే. అనుమానం తీర్చుకోవడానికైనా ఆసుపత్రి గుండెపోటుకు పెట్టినంత శ్రమే పెట్టింది, ఆ శ్రమకు డబ్బు రావాలి. బిల్లు వైపు నుంచి చూస్తే న్యాయమే. రోగం కోసం వెతికేవాడికి మాత్రం ఇది బొమ్మ గుండెపోట్లు పుట్టించే యంత్రం.

అనుమానంతో చేరి ఏమీ లేదని తేలినవాళ్లు ఏం చేస్తారు? ఇంటికి వెళ్లిపోతారు, ఒకటి రెండు రోజుల్లోనే. ఆ కాలంలో నిజంగా పోటు వచ్చిన డెబ్భై అయిదేళ్ల మనిషిని అంత త్వరగా పంపేవారు కాదు. కాబట్టి బస పొడవు అనే జల్లెడ పట్టేది గుండె పరిస్థితిని కాదు, డాక్టర్ల నమ్మకాన్ని. రోగికి పోటు వచ్చిందని వాళ్లు నిజంగా నమ్మి ఉంటే మూడో రోజు పొద్దున కూడా అతను మంచం మీదే ఉంటాడు. డాక్టరు కాగితం మీద ‘అనుమానం’ అన్న మాటను కోడ్ మింగేసింది. చేరిన తేదీ, వెళ్లిన తేదీ ఆ మాటను తిరిగి కక్కిస్తాయి.

ఆ జల్లెడ అలాగే వదిలేస్తే ఒక ఘోరం జరిగేది. అసలైన, పెద్ద గుండెపోట్లలో కొన్ని మొదటి రోజే ప్రాణం తీస్తాయి. వాళ్ల బసా చిన్నదే. మూడు రోజుల నియమం వాళ్లనూ తోసేస్తే, మిగిలేవి బతికిన గుండెపోట్లే. అందుకే ఆ చివరి ముక్క: మూడు రోజులు నిండకపోతే మరణం ఉండాలి. ఒకటి రెండు రోజులకే ఇంటికి వెళ్లినవాడు జారిపోతాడు, ఒకటి రెండు రోజులకే పోయినవాడు నిలుస్తాడు. ఎలా వెళ్లారన్న గడి లేకపోతే ఈ ఇద్దరినీ విడదీయడం కుదరదు. అటు చివర నూట ఎనభై రోజుల హద్దుకు పని తక్కువ. అంత పొడుగు బస కనబడితే ఏ తేదీ అయినా తప్పు పడి ఉండాలి, లేదా ఆ మనిషి అక్కడ ఉండడానికి కారణం వేరే ఏదో అయి ఉండాలి.

ప్రధాన జబ్బు అన్న మాటకూ ఒక కచ్చితమైన అర్థం ఉంది. పరీక్షలన్నీ అయ్యాక, ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణమని తేలిన జబ్బు అది. చేరేటప్పుడు అనుకున్నది కాదు, మధ్యలో వచ్చింది కాదు. 1983 నుంచి మెడికేర్ ఆసుపత్రికి చెల్లించే మొత్తం ప్రధానంగా ఈ గడి మీదే ఆధారపడింది. దాంతో దీని మీద ఆసుపత్రి కన్నూ ఉంటుంది, తనిఖీదారుల కన్నూ ఉంటుంది. ఎవరికీ పట్టని గడిలో ఏం రాసినా అడిగేవాడు ఉండడు. డబ్బు ఆధారపడిన గడిని ఇద్దరు కాచుకుంటారు. ఇద్దరి ప్రయోజనాలూ ఎదురెదురుగా ఉండడం చదివేవాడికి కలిసివచ్చింది. తర్వాతి స్థానంలోని కోడ్ అంత గట్టిది కాదు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కు చేరిన ఆమెకు మూడో రోజున పోటు వస్తే అది అక్కడ పడుతుంది. చేరేటప్పటికే ఉన్న జబ్బు ఏది, చేరాక వచ్చింది ఏది అని ప్రతి కోడ్ పక్కనా గుర్తు పెట్టే పద్ధతి మెడికేర్ బిల్లుల్లో 2007లో గానీ మొదలుకాలేదు.

ఇంతవరకూ ఇది ఊహే. తెలివైన ఊహ, అయినా ఊహే. దాన్ని రుజువు చేయడానికి ఒకటే దారి: ఆసుపత్రుల రికార్డు రూములకు వెళ్లి అసలు కేస్ షీట్లు తెప్పించడం. బోస్టన్ బృందం బిల్లులను బట్టి గుండెపోటు అనిపించిన 2,200 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని వాళ్ల కేస్ షీట్లు అడిగింది. 2,022 వచ్చాయి. నూటికి తొంభై రెండు చేతికి రావడం ఈ రకం పనిలో చిన్న సంగతి కాదు. వేర్వేరు ఆసుపత్రులను అడగాలి, ప్రతి దానికీ అనుమతి కావాలి, కొన్ని షీట్లు దొరకవు. వచ్చిన ప్రతి షీటులోనూ లక్షణాలు, ఈసీజీ, రక్తంలో గుండె ఎంజైములు చూసి, ఇది నిజంగా గుండెపోటేనా అని తీర్పు చెప్పారు. పైన చెప్పిన నియమం పట్టినవాటిలో 94.1 శాతం నిజమైనవి.

మిగతా ఆరు శాతం గురించి దిగులు పడే ముందు, ఆ పరీక్ష ఏమి కొలవలేదో చూడాలి. బిల్లులో గుండెపోటు కనబడినవాళ్ల షీట్లే తెప్పించారు. కనబడనివాళ్లలో గుండెపోటు ఎందరికి వచ్చిందో ఇందులో తేలదు. ఆసుపత్రికి చేరేలోపే ఇంట్లో పోయినవాడు, నొప్పిని గ్యాస్ అనుకుని పడుకుని బతికినవాడు మెడికేర్ ఆసుపత్రి బిల్లుల్లోకి రానే రారు. ఇది తెలిసీ పరిశోధకులు ఈ దారినే ఎంచుకున్నారు. ఎందుకో అర్థం కావాలంటే కాస్త లెక్క వేయాలి.

రెండు మందులు పోలుస్తున్నాం. మొదటిది వాడినవాళ్లలో నిజంగా 200 పోట్లు, అంతే సంఖ్యలో రెండోది వాడినవాళ్లలో 100. నిష్పత్తి రెండు. మన నియమం నిజమైన పోట్లలో అయిదో వంతును రెండు వైపులా వదిలేసిందనుకుందాం. 160, 80 మిగులుతాయి. నిష్పత్తి ఇంకా రెండే. ఇప్పుడు ఒక్క పోటూ వదలకుండా, రెండు వైపులా చెరో 50 బొమ్మ పోట్లను కలుపుకున్నదనుకుందాం. 250, 150. నిష్పత్తి రెండు నుంచి ఒకటి పాయింట్ ఆరు ఏడుకు పడిపోయింది. వదిలేయడం రెండు వైపులా ఒకేలా జరిగినంతకాలం పోలిక చెడదు. కలుపుకోవడం రెండు వైపులా సమానంగా జరిగినా పోలికను మొద్దుబారుస్తుంది. అందుకే ఈ నియమాన్ని కట్టినవాళ్లు కొన్ని నిజమైన పోట్లను జారవిడవడానికి సిద్ధపడి, పట్టినది మాత్రం నిజం కావాలని పట్టుబట్టారు. ఊళ్లో గుండెపోట్లు ఎన్ని అని లెక్కపెట్టే పనికి ఇదే నియమం పనికిరాదు.

ఆ పోలిక ఊహకు చెప్పింది కాదు. రోఫెకాక్సిబ్ అనే కీళ్లనొప్పుల మందు, వయాక్స్ పేరుతో, 1999లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. గుండెకు చేటు చేస్తుందన్న అనుమానం త్వరలోనే మొదలైంది. అనుమానం తేల్చాలంటే ఎవరు ఆ మందు వాడారో, వాళ్లలో ఎవరికి పోటు వచ్చిందో రెండూ ఒకేచోట తెలియాలి. మెడికేర్ అప్పట్లో మందుల ఖర్చు ఇచ్చేది కాదు (2006 దాకా ఇవ్వలేదు), కాబట్టి దాని బిల్లుల్లో మందులు లేవు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రాలు మాత్రం తక్కువ ఆదాయం గల వృద్ధులకు సొంతంగా మందుల పథకాలు నడిపేవి. పెన్సిల్వేనియా పథకానికి డబ్బు రాష్ట్ర లాటరీ నుంచి వచ్చేది. ఏ మందు, ఏ రోజు, ఎన్ని రోజులకు సరిపడా ఇచ్చారో ఆ పథకాల రికార్డుల్లో ఉంది. వాటిని మెడికేర్ ఆసుపత్రి బిల్లులతో కలిపితే పొద్దున వేసుకున్న మాత్రకూ ఛాతీ నొప్పికీ మధ్య దారి దొరికింది.

సోలమన్ బృందం 2004లో సర్క్యులేషన్ పత్రికలో ప్రచురించిన పనిలో గుండెపోటుతో చేరిన 10,895 మందిని తీసుకుని, ఒక్కొక్కరికీ అదే వయసు, అదే లింగం ఉన్న నలుగురిని పక్కన పెట్టారు. మొత్తం 54,475 మంది. పోటు వచ్చిన రోజు నాటికి ఎవరి చేతిలో ఏ మందు ఉందో చూశారు. అదే కోవకు చెందిన సెలెకాక్సిబ్ అనే మందు వాడేవాళ్లతో పోలిస్తే రోఫెకాక్సిబ్ వాడేవాళ్లలో గుండెపోటు అవకాశం 1.24 రెట్లు, రోజుకు 25 మిల్లీగ్రాములు దాటితే ఇంకా ఎక్కువ. 1.24 చిన్న తేడా. బొమ్మ పోట్లు బోలెడు కలిసిన లెక్కలో ఇంత సన్నని తేడా మునిగిపోయి ఉండేది. ఆ సెప్టెంబరు 30న, ఒక క్లినికల్ ట్రయల్‌లోనూ హాని కనబడ్డాక, తయారీదారు మందును వెనక్కి తీసుకుంది. డిసెంబరులో భారత్ నిషేధించింది.

ఒకే రికార్డును నమ్ముకుంటే ఎంత జారిపోతుందో చూడాలంటే ఇంగ్లండ్ వెళ్లాలి. అక్కడ హెరెట్ తదితరులు 2013లో, 2003 నుంచి 2009 మధ్య గుండెపోటు వచ్చిన 21,482 మందిని నాలుగు రికార్డుల్లో వెతికారు: కుటుంబ డాక్టరు రాసుకునేది, ఆసుపత్రి చేరికలది, గుండెపోట్ల కోసమే పెట్టిన రిజిస్టరు, మరణాల రిజిస్టరు. బతికినవాళ్లలో కుటుంబ డాక్టరు రికార్డులో సుమారు 75 శాతం, ఆసుపత్రి రికార్డులో 68 శాతం, గుండెపోట్ల రిజిస్టరులో 53 శాతం మాత్రమే కనబడ్డారు. మూడింటిలోనూ ఉన్నవాళ్లు మూడో వంతు లోపే. గుండెపోట్ల కోసమే పెట్టిన రిజిస్టరు అన్నిటికన్నా తక్కువ పట్టడం తమాషాగా ఉంటుంది గానీ, కుటుంబ డాక్టరు, ఆసుపత్రి రికార్డులు పట్టినవాటిలో నిజమైనవి రెండింట్లోనూ నూటికి తొంభై పైనే. పట్టినదాన్ని బాగానే పట్టాయి, పట్టింది చాల్లేదు.

బోస్టన్ నియమం అలాగే నిలిచిపోలేదు. నిలవకూడదు కూడా. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు గుండెపోటు నిర్వచనాన్ని ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చుట్టూ తిరగరాశాయి. అంతకుముందు కంటికి ఆనని చిన్న దెబ్బలు కూడా గుండెపోట్లయ్యాయి. స్టెంట్ వేసి రెండో రోజునే ఇంటికి పంపడం మామూలయ్యాక మూడు రోజుల జల్లెడ నిజమైనవాళ్లను పారబోయడం మొదలెట్టింది. 2015 అక్టోబరులో ఐసీడీ-10 వచ్చి 410 పోయి ఐ21 వచ్చింది. ఎనిమిది వారాల గడువు నాలుగుకు తగ్గింది. అయిదో అంకె అందించిన మొదటి విడత, రెండో విడత తేడా పోయి, నాలుగు వారాల్లోపు మళ్లీ కొత్త పోటు వస్తే దానికి ఐ22 అని వేరే కోడ్ వచ్చింది. 2017 అక్టోబరులో ఇంకో మెరుగు: రక్తనాళం పూడుకుపోయి కాక, విపరీతమైన రక్తహీనత వల్లో, గుండె మరీ వేగంగా కొట్టుకోవడం వల్లో కండరానికి ప్రాణవాయువు చాలక వచ్చే రెండో రకం పోటుకు ఐ21.ఏ1 అని సొంత కోడ్ ఇచ్చారు. అంతకుముందు రెండూ ఒకే సంచిలో ఉండేవి. ప్రతి మార్పుకూ ఎవరో ఒకరు మళ్లీ రికార్డు రూములకు వెళ్లి, కేస్ షీట్లు తెప్పించి, కొత్త నియమం పట్టినవాటిలో నిజం ఎంతో మొదటి నుంచీ కొలవాలి.

మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద కూడా గుండె చికిత్సల క్లెయిమ్‌లు పేరుకున్నాయి. వాటిని ఇదే చూపుతో చదవబోతే మొదటి ప్రశ్న వేరే వస్తుంది. ఆరోగ్యశ్రీ బిల్లు ప్యాకేజీ చుట్టూ, అంటే ఫలానా చికిత్సకు ఇంత అన్న లెక్క చుట్టూ కట్టింది. స్టెంట్ వేశారని అది గట్టిగా చెబుతుంది, ఎందుకంటే డబ్బు దాని మీదే ఆధారపడింది. ఆ స్టెంట్ తాజా పోటుకు వేశారా, నడిస్తే వచ్చే పాత ఛాతీ నొప్పికి వేశారా అన్నది ప్యాకేజీ పేరులో దొరకకపోవచ్చు. స్టెంట్ దాకా చేరకుండా ఊరి ఆసుపత్రిలోనే మందులతో గట్టెక్కినవాడు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. అక్కడ మూడు రోజుల జల్లెడ ఎందుకూ కొరగాదు. ఏ గడిని ఎవరు, ఎప్పుడు, దేనికోసం నింపుతున్నారో అన్న దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.